‘పిచ్చి డాక్టరు’ – ఏ సమాసం?



క్రిందటి నెలలో ఒకనాటి ఉదయం నా పూర్వ విద్యార్థి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా తరగతిలో మూడో బల్ల మీద కూర్చుని ఛందస్సు అంటే వణికిపోయిన కుర్రవాడు, ఇప్పుడు కణతల దగ్గర నెరిసిన గృహస్థు. కుశలప్రశ్నలు అయ్యాయి. కాఫీ త్రాగడం అయింది. అయినా లేవడు. చివరకు గొంతు తగ్గించి విషయం బయటపెట్టాడు. కూతురు ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసింది. పై చదువుకు ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. ఆ ర్యాంకుకు మరి రెండు మూడు విభాగాలలో సీటు దొరికే అవకాశం ఉన్నా, ఆ అమ్మాయి పట్టుబట్టి మానసిక వైద్యాన్నే కోరుకొన్నది.

“పిల్లల డాక్టరు కావచ్చు, మత్తు డాక్టరైనా కావచ్చు. ఇదేం కర్మ మాస్టారూ! రేపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం డాక్టరండీ అంటే పిచ్చి డాక్టరని చెప్పుకోమంటారా? చిన్నప్పుడు మీ దగ్గర పద్యాలు నేర్చుకున్న పిల్ల. మీ మాట తీసెయ్యదు. ఒక్కసారి చెప్పి చూడండి” అన్నాడు.

ఆయన బాధలో ఆయన ఉంటే నా బుద్ధి వ్యాకరణం మీదికి పోయింది. దశాబ్దాల పాటు తెలుగు పండితుడిగా బ్రతికినవాడికి అది వదలని జాడ్యం. ‘పిచ్చి డాక్టరు’ – దీనికి విగ్రహవాక్యం ఏమిటి? పిచ్చికి డాక్టరు అంటే తత్పురుషం. పిచ్చివాడైన డాక్టరు అంటే కర్మధారయం. ‘కంటి డాక్టరు’, ‘పంటి డాక్టరు’ అన్నప్పుడు ఎవరికీ ఈ సందేహం రాదు. కన్ను, పన్ను శబ్దాలకు ఔపవిభక్తికం చేరి, సంబంధం ఏమిటో అదే చెప్పేస్తుంది. పాపం, ‘పిచ్చి’ అనే మాటకు ఆ రక్షణ లేదు. అందుచేత లోకం నోట్లో రెండు సమాసాలూ కలిసిపోయి, రోగికి పట్టిన అపవాదు వైద్యుడికి కూడా అంటుకున్నది.

“అమ్మాయిని పంపించు నాయనా, మాట్లాడతాను” అని ఆయనను సాగనంపాను. మాట్లాడాలంటే నాకు ముందు కొంత తెలియాలి కదా! ఈ వృత్తి మన దేశంలో ఎట్లా పుట్టింది, ఎవరు దీనిలోకి వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు అని దొరికిన పుస్తకాలు తిరగవేశాను. ఈ వ్యాసం ఆ చదువులో నుంచి వచ్చినది.

మన ప్రాచీనులకు ఈ వ్యాధులు తెలియనివి కావు. చరకసంహితలో నిదానస్థానంలోను, చికిత్సాస్థానంలోను ఉన్మాదానికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. వాత, పిత్త, కఫ, సన్నిపాతజాలని నాలుగు, ఆగంతుకమని ఒకటి – ఇట్లా ఐదు విధాలుగా విభజించి చెప్పాడు. అష్టాంగాలలో భూతవిద్య ఒకటి. అయితే నేను చెప్పదలచినది శాస్త్రం గురించి కాదు, వృత్తి గురించి. ఉదయం లేచి ఆసుపత్రికి వెళ్ళి, మనసు చెదిరిన మనుషులను చూసి, సాయంత్రం ఇంటికి వచ్చే ఒక ఉద్యోగం మన దేశంలో ఎప్పుడు మొదలైందన్నది నా ప్రశ్న.

అది వైద్యుడి ఉద్యోగంగా మొదలు కాలేదు. కాపలాదారు ఉద్యోగంగా మొదలైంది.

1794లో వాలెంటైన్ కనోలీ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మదరాసులో ఒక పిచ్చాసుపత్రి తెరిచాడు. ఇల్లు ఆయనదే, అద్దె ఇచ్చేది కంపెనీ. అంటే అక్కడ వైద్యుడు ఇంటి యజమాని కూడాను. తరువాత అది చేతులు మారి డాల్టన్ అనే మరొక వైద్యుడి పేరు మీద చాలాకాలం ‘డాల్టన్ గారి పిచ్చాసుపత్రి’గా వ్యవహారంలో ఉన్నది. 1871లో కిల్పాక్‌లో ప్రభుత్వం కొత్త ఆసుపత్రి కట్టించింది. మన విశాఖపట్నంలో వాల్తేరు ఆసుపత్రి కూడా ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో వచ్చినదే. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన ఆసుపత్రి తరువాతి కాలంలో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలివచ్చింది.

ఈ ఊళ్ళ పేర్లు వింటుంటే మీకు ఒకటి స్ఫురించే ఉంటుంది. కిల్పాక్, ఎర్రగడ్డ, రాంచీ, ఆగ్రా – ఇవన్నీ తిట్లుగా మారిన ఊళ్ళు. తెలంగాణలో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. మా గోదావరి వైపు ‘వైజాగు తీసుకుపోవాలి’ అనేవారు. తమిళులకు కిల్పాక్, హిందీవారికి ఆగ్రా, రాంచీ. కలరా ఆసుపత్రి ఉన్న ఊరు తిట్టు కాలేదు, క్షయ ఆసుపత్రి ఉన్న మదనపల్లె తిట్టు కాలేదు. ఈ ఒక్క రోగానికి మాత్రం ఊరు కూడా మైలపడింది.

అట్లా ఎందుకైంది? నా ఊహ చెబుతాను. ఆ ఆసుపత్రులు చాలాకాలం జైళ్ళ శాఖ పెద్దల అధీనంలో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో గాని వాటిని సివిల్ సర్జన్ల చేతికి మార్చలేదు. 1912లో వచ్చిన ‘ఇండియన్ లూనసీ యాక్టు’ ప్రకారం సాధారణంగా రోగి ఆ గుమ్మం దాటాలంటే మేజిస్ట్రేటు ఉత్తరువు కావాలి. జ్వరం వస్తే వైద్యుడి దగ్గరకు వెళతాం. మతి చెదిరితే కోర్టు మీదుగా వెళ్ళాలి! అట్టి చోట పనిచేసే వైద్యుడు జైలరులాగా కనబడటంలో ఆశ్చర్యమేమున్నది? చాలామంది సర్జన్లకు ఆ ఉద్యోగం ఒక బదిలీ, అంతే. కొంతకాలం అక్కడ గడిపి మరొక జిల్లాకు వెళ్ళిపోయేవారు. ‘ఇదే నా జీవితపు పని’ అని కోరి వెళ్ళినవాళ్ళు అరుదు.

కోరి వెళ్ళిన తొలి తరంలో ఒకడు ఇంగ్లీషువాడే. పేరు ఓవెన్ బర్క్‌లీ-హిల్. 1919 నుంచి 1934 వరకు రాంచీలోని యూరోపియన్ మానసిక ఆసుపత్రికి అధిపతిగా పనిచేశాడు. పేరులోనే ఉన్నట్లు అది భారతీయుల కోసం కట్టినది కాదు. భారతీయుల కోసం 1925లో అక్కడికి దగ్గరలోనే కాంకేలో మరొకటి వచ్చింది. మనిషి దురుసు, నోరు మంచిది కాదు, అయినా వృత్తి మీద మమకారం గలవాడు. మలబారు స్త్రీని వివాహమాడాడు. ‘అసైలం’ అనే పేరు తీసివేసి ‘మెంటల్ హాస్పిటల్’ అని పిలవాలని పోరాడి 1920 ప్రాంతంలో దేశమంతటా ఆ పేరు మార్పించాడు. రోగులకు చేతిపనులు నేర్పే విభాగం పెట్టించాడు. 1922లో ఆ ఆసుపత్రికి లండన్ విశ్వవిద్యాలయం వారి మానసిక వైద్య డిప్లొమా పరీక్షకు శిక్షణ కేంద్రంగా గుర్తింపు వచ్చింది. పేరు మారితే ఏమవుతుందని కొందరు అనవచ్చు. మాటలతో బ్రతికిన నేను అనలేను.

అదే 1922లో కలకత్తాలో జరిగిన మరొక ముచ్చట నన్ను ఎక్కువగా ఆకర్షించింది. పార్శీబగాన్ సందులో 14వ నంబరు ఇల్లు. ఆ ఇంటి వైద్యుడి పేరు గిరీంద్రశేఖర్ బోసు. 1887లో దర్భంగాలో పుట్టాడు. 1910లో వైద్య పట్టా పుచ్చుకొని కలకత్తాలో ప్రాక్టీసు పెట్టాడు. మనసుకు సంబంధించిన జబ్బుల మీద ఆసక్తి ఉన్నది కాని, దానిని నేర్పే బడి దేశంలో లేదు. సముద్రం దాటి వెళ్ళలేదు. పత్రికలలో ఫ్రాయిడ్ గురించి వచ్చే ముక్కలు చదువుతూ, తన రోగులతో మాట్లాడుతూ, తనకు తానే ఒక పద్ధతి ఏర్పరచుకొన్నాడు. ప్రాక్టీసు సాగుతుండగానే కలకత్తా విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన మనస్తత్త్వశాస్త్ర శాఖలో విద్యార్థిగా చేరి 1917లో ఎం.ఎస్సీ. పూర్తి చేశాడు. ముప్పై ఏళ్ళ వైద్యుడు పుస్తకాలు పట్టుకుని కుర్రవాళ్ళ సరసన కూర్చున్నాడన్నమాట! 1921లో డాక్టరేటు వచ్చింది. ఆ సిద్ధాంతగ్రంథాన్ని వియన్నాకు పంపించాడు. అక్కడి నుంచి ఫ్రాయిడ్ జవాబు వ్రాశాడు. అట్లా మొదలైన ఉత్తరప్రత్యుత్తరాలు ఇంచుమించు పదిహేనేళ్ళు సాగాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

ఒక చిన్న వేడుక చెబుతాను. ఫ్రాయిడ్ ఎట్లా ఉంటాడో తెలియని రోజులలో, బోసు గారి మిత్రుడైన చిత్రకారుడు జతీంద్రకుమార్ సేన్ కేవలం ఊహతో ఆయన బొమ్మ గీశాడు. దానిని బోసు వియన్నాకు పంపించాడు. ఆ చిత్రకారుడు తనను అచ్చమైన ఇంగ్లీషువాడిని చేసేశాడని ఫ్రాయిడ్ ఒక స్నేహితురాలికి వ్రాస్తూ చమత్కరించాడట. కలకత్తావారికి తెల్లవాడంటే ఇంగ్లీషువాడే మరి! తరువాత 1931లో ఫ్రాయిడ్ డెబ్భై ఐదవ పుట్టినరోజుకు కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి బొమ్మ వెళ్ళింది. ఆయన దానిని తన బల్ల మీద పెట్టుకొన్నాడు.

బోసు శిష్యుడిలా తల ఊపి ఊరుకోలేదు. మనిషిలో ప్రతి కోరికకు వెనుక దానికి విరుద్ధమైన కోరిక ఒకటి దాగి ఉంటుందని సొంతంగా సిద్ధాంతం చేశాడు. మీరు చెప్పిన లక్షణాలు నా భారతీయ రోగులలో మీరు చెప్పినంతగా కనబడటం లేదని 1929లో గురువుగారికే వ్రాశాడు. సంస్కృతం బాగా చదివినవాడు. గీత మీద, యోగసూత్రాల మీద, పురాణాల మీద వంగభాషలో వ్రాశాడు. ఆయన అన్నగారు రాజశేఖర్ బోసు ‘పరశురాం’ అనే పేరుతో హాస్యకథలు వ్రాసిన ప్రసిద్ధ రచయిత, వంగభాషకు మంచి నిఘంటువు కూర్చినవాడు. ఆ ఇంట్లో పుట్టినవాడికి మాట విలువ తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మాటనే మందుగా వాడే వైద్యం అతడిని పట్టుకొన్నదంటే నాకేమీ వింతగా తోచదు.

ఆ పార్శీబగాన్ ఇంట్లో 1922లో పుట్టినదే భారత మనోవిశ్లేషణ సంఘం. పదిహేనుమంది తొలి సభ్యులలో రాంచీ దొర బర్క్‌లీ-హిల్ కూడా ఒకడు. ఇనుపగేట్ల లోపలి నుంచి వచ్చినవాడు, ఇంటి వసారాలో రోగులను చూసేవాడు ఒకే చాప మీద కూర్చున్నారు.

కాని బోసు చేసిన పనులలో అన్నిటికంటె గొప్పది నా దృష్టిలో మరొకటి. 1933 మే 1వ తేదీన కలకత్తా కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక రోగులను చూసే ఔట్ పేషెంటు విభాగం తెరిపించాడు. మామూలు ఆసుపత్రిలో ఇట్లాంటిది దేశంలో అదే మొదటిది. కడుపునొప్పి వచ్చినవాడు, కాలు విరిగినవాడు, మనసు విరిగినవాడు – అందరికీ ఒకటే గేటు! మేజిస్ట్రేటు ఉత్తరువు అక్కరలేదు. చీటీ వ్రాయించుకొని బల్ల మీద కూర్చుంటే చాలు. 1938లో బొంబాయి జె.జె. ఆసుపత్రి కూడా ఆ దారి పట్టింది. ఇవాళ మనం జిల్లా ఆసుపత్రిలో ‘మానసిక విభాగం’ అన్న బోర్డు చూస్తున్నామంటే దాని మూలం అక్కడున్నది. 1940లో లుంబినీ పార్కు అనే ఆసుపత్రిని కూడా స్థాపించి, బోసు 1953లో కాలధర్మం చెందాడు.

స్వాతంత్ర్యానికి ముందు ప్రభుత్వం నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. దాదాపు నలభై కోట్ల జనాభాకు మానసిక ఆసుపత్రులలో ఉన్న పడకలు పదివేల పైచిలుకు మాత్రమే. నలభై వేలమందికి ఒక పడక. ఇంగ్లండులో మూడు వందలమందికి ఒకటి. ఆ కమిటీ కోసం ఆసుపత్రులన్నీ తిరిగి చూసివచ్చిన రాంచీ అధిపతి మూర్ టేలర్, వీటిలో ఎక్కువ భాగం నిర్బంధంలో ఉంచడానికి కట్టినవే గాని నయం చేయడానికి కట్టినవి కావని నిష్కర్షగా తేల్చిచెప్పాడు. శిక్షణ పొందిన వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమంది. ఆ సిఫారసుల ఫలితంగానే 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని నడుపుతున్న ఎం.వి. గోవిందస్వామి దానికి తొలి డైరెక్టరు. మరుసటి ఏడు నుంచే రెండేళ్ళ డిప్లొమా మొదలైంది. పరదేశం పోకుండా ఈ విద్య నేర్చుకొనే వీలు మన పిల్లలకు ఏర్పడింది. ఆ సంస్థే 1974 నుంచి నిమ్‌హాన్స్ అయింది.

ఇక అమృతసర్ సంగతి. దేశవిభజనలో భూమి, నదులు, సైన్యం, ఖజానా పంచుకొన్నారు. పిచ్చాసుపత్రిలోని రోగులను కూడా పంచుకొన్నారు! పంజాబుకు ఉన్న పెద్ద ఆసుపత్రి లాహోరులో ఉండిపోయింది. 1950లో అక్కడి హిందూ, సిక్కు రోగులను ఇవతలకు, ఇక్కడి ముస్లిం రోగులను అవతలకు మార్చారు. మంటో వ్రాసిన ‘టోబా టేక్ సింగ్’ కథకు ఆధారం అదే. ఆ విధంగా వచ్చిపడిన రోగులతో నిండిపోయిన అమృతసర్ ఆసుపత్రికి అధిపతిగా డాక్టర్ విద్యాసాగర్ వచ్చాడు. గదులు చాలవు, సిబ్బంది చాలరు. ఆయన ఏం చేశాడో తెలుసునా? ఆవరణలో డేరాలు వేయించి, రోగితోబాటు తల్లినో భార్యనో అన్ననో కూడా ఉండమన్నాడు.

ఇది ఎంత సామాన్యమైన మాటగా కనబడుతుందో అంత పెద్ద మాట. అప్పటి దాకా పద్ధతి ఏమిటంటే, రోగిని గేటు దగ్గర అప్పగించి ఇంటివాళ్ళు వెళ్ళిపోవడం. చాలామంది మళ్ళీ వచ్చేవారు కాదు. తప్పు చిరునామా ఇచ్చి పోయినవాళ్ళూ ఉండేవారు. డేరాలో ఉన్న తల్లి మాత్రం కొడుకుకు అన్నం తినిపించేది, మందు మింగించేది. వైద్యుడు ప్రతిరోజూ రోగులను, బంధువులను కలిపి కూర్చోబెట్టి, ఇది దయ్యం కాదు, పూర్వజన్మ పాపం కాదు, రోగమని విడమరచి చెప్పేవాడు. రోగులు త్వరగా కోలుకొన్నారు, ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. వెళ్ళిన ఇంటివాళ్ళు ఊళ్ళో మరో నలుగురికి చెప్పారు. సిబ్బంది లేకపోవడం వల్ల తట్టిన ఉపాయం గొప్ప చికిత్స అయి కూర్చున్నది. తరువాత వెల్లూరులోనూ బెంగుళూరులోనూ కుటుంబాలను ఆసుపత్రిలో ఉండనిచ్చే పద్ధతి పాదుకొన్నది. విద్యాసాగర్ పరిశోధన పత్రాలు వ్రాసింది అతి స్వల్పం. ఆయన సహచరులు చెప్పకపోతే మనకు ఆ డేరాల సంగతే తెలిసేది కాదు.

ఇదే కాలంలో మందులు కూడా వచ్చాయి. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజీన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. గొలుసులు చేయలేని పని ఆ మాత్ర చేసింది. మన సర్పగంధి వేరు సంగతి దీనికి ముందుదే. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోసు అనే ఇద్దరు 1931లోనే ఉన్మాదంలోనూ రక్తపు పోటులోనూ అది పనిచేస్తుందని ప్రకటించారు. మనవాళ్ళు చెబితే ఇరవై ఏళ్ళు ఎవరూ వినలేదు గాని, స్విట్జర్లాండు కంపెనీ దానిలోని సారాన్ని వేరుచేసిన తరువాత లోకమంతా విన్నది.

ఇక్కడ నేను ఒక సొంత విషయం చెప్పవలసి ఉన్నది. చెప్పకుండా దాటిపోదామని రెండుసార్లు అనుకొన్నాను.

మా మేనత్తకు రెండో కాన్పు తరువాత మతి చలించింది. అత్తవారు తెచ్చి మా ఇంట దిగవిడిచి పోయారు. పశువుల కొట్టాన్ని ఆనుకొని ఒక గది ఉండేది. ఆ గదిలో తాళం వేసి ఉంచారు. భూతవైద్యులు వచ్చారు, తాయెత్తులు కట్టారు, వేపమండలతో కొట్టారు. మా నాయనమ్మ రోజూ అన్నం పళ్ళెం కిటికీలో నుంచి అందించేది. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆ గది అట్లాగే ఉన్నది. అత్తయ్యకు గజేంద్రమోక్షం మొత్తం కంఠస్థం. మనసు నిలకడగా ఉన్న వేళల్లో కిటికీ ఊచల వెనుక నుంచి ఒక్క అక్షరం తప్పకుండా చదివేది. నేను అరుగు మీద కూర్చుని అప్పజెప్పేవాణ్ణి. యతి తప్పితే మందలించేది. నా మొదటి తెలుగు పండితురాలు ఆవిడే. నేను పదో తరగతి చదువుతున్న ఏట ఆ గదిలోనే పోయింది.

ఆ సంవత్సరాలను ఇప్పుడు ఈ చరిత్ర పక్కన పెట్టి చూసుకొన్నాను. మందు వచ్చి అప్పటికి పదేళ్ళు దాటింది. విశాఖపట్నంలో ఆసుపత్రి ఉన్నది, మాకు ఒక రాత్రి రైలు ప్రయాణం. కాన్పు తరువాత వచ్చే ఆ జబ్బు చికిత్స చేస్తే సాధారణంగా నయమయ్యేదేనని ఇప్పుడు చదివాను. ‘వైజాగు తీసుకుపోదామా’ అని మా తాతగారు ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట మా ఇంట్లో తిట్టుగానే వాడుకలో ఉన్నది, ఊరి పేరుగా కాదు.

మా జిల్లా ప్రస్తావన వచ్చింది గనుక మరొకరి సంగతి. మంగుళూరులో 1923లో పుట్టి, మదరాసులో వైద్యం చదివిన శారదా మేనన్ గారు వృత్తి తొలినాళ్ళలో మా భీమవరం మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. ఆ తరువాత బెంగుళూరులో కొత్తగా పెట్టిన డిప్లొమా చదివి, 1959లో కిల్పాక్ మానసిక ఆసుపత్రిలో చేరారు. భారతదేశపు తొలి మహిళా మానసిక వైద్యురాలని ఆవిడకు పేరు. 1961లో ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు. రెండువేల పైచిలుకు రోగులు. ఆ గోడల లోపల ఒక స్త్రీ అధిపతిగా కూర్చోవడం అంతకుముందు లేదు. 1978 దాకా అక్కడే ఉన్నారు. రోగులకు పని నేర్పించే ఏర్పాట్లు చేశారు, బయట నుంచి వచ్చి చూపించుకొని వెళ్ళే విభాగాన్ని బలపరిచారు, స్వచ్ఛందంగా సాయం చేసే పౌరులను లోపలికి రానిచ్చారు. రోగం నెమ్మదించినా తీసుకువెళ్ళేవారు లేక లోపలే ఉండిపోయినవాళ్ళను గురించిన దిగులు ఆవిడను ఉద్యోగ విరమణ తరువాత కూడా వదలలేదు. 1984లో స్కిజోఫ్రెనియా రోగుల కోసం మదరాసులో ‘స్కార్ఫ్’ అనే సంస్థ నెలకొల్పారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2021 డిసెంబరులో, తొంభై ఎనిమిదో ఏట కన్నుమూశారు.

చట్టం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. 1912 నాటి శాసనం పోయి 1987లో కొత్తది వచ్చింది. వచ్చిందన్న మాటే గాని అమలులోకి రావడానికి 1993 దాకా పట్టింది. అంటే ఎనభై ఏళ్ళు దాటి ఆ పాత శాసనమే మనలను ఏలింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసిన రోగులు పాకకు నిప్పంటుకొని కదలలేక 28 మంది మరణించారు. ఇప్పుడున్నది 2017 నాటి చట్టం, 2018 మే నుంచి అమలులో ఉన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన వేదనలో ఉన్నవాడిగా భావించి ఆదుకోవాలే గాని శిక్షించరాదన్నది దానిలో నాకు నచ్చిన మాట.

ఈ చదువు తోవ ఇప్పుడు స్పష్టంగానే ఉన్నది. ఐదున్నరేళ్ళ ఎం.బి.బి.ఎస్., ఆపైన ప్రవేశపరీక్ష, మూడేళ్ళ ఎం.డి. కావాలంటే ఆపైన పిల్లల మనోవైద్యమో, వృద్ధులదో, వ్యసనాలదో ప్రత్యేకంగా చదువుకోవచ్చు. తోవ ఉన్నా నడిచేవారు తక్కువ. లక్షమందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. ముక్కాలు అని లెక్క కట్టారు. ముక్కాలు డాక్టరు! 2015–16లో నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేలింది. దీనికొక కారణం వైద్య కళాశాలల్లోనే ఉన్నది. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మానసిక విభాగంలో చాలాకాలం గడుపుతూ వచ్చినది రెండు వారాల పాటే, దానికి విడిగా పరీక్ష పత్రం కూడా లేదు. పరీక్షలో లేని పాఠాన్ని పిల్లలు ఎట్లా చదువుతారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నా నాన్-డిటైల్డు పుస్తకానికి పట్టిన గతే అది.

అమ్మాయి ఆదివారం వచ్చింది. చిన్నప్పటిలాగే వచ్చీరాగానే గచ్చు మీద బాసిపట్టు వేసుకొని కూర్చున్నది. “నాన్న పంపించారు కదా తాతగారూ, ఏం చెప్పమన్నారో చెప్పండి” అని నవ్వింది. నేను చెప్పలేదు. ఎందుకు కోరుకొన్నావమ్మా అని అడిగాను.

హౌస్ సర్జనుగా ఉన్నప్పుడు రాత్రి డ్యూటీలో పురుగుల మందు త్రాగిన ఇల్లాలిని తెచ్చారట. “కడుపు కడిగాం, మందులు ఎక్కించాం, నాలుగు రోజులకు బ్రతికింది. డిశ్చార్జి కాగితం నేనే వ్రాశాను తాతగారూ. ఆ నాలుగు రోజులలో ఎందుకు త్రాగావని ఒక్కరం కూడా అడగలేదు. అడిగే తీరిక లేదు, అడిగితే ఏం చేయాలో మాకు తెలియదు. నలభై రోజులకు మళ్ళీ తెచ్చారు. ఈసారి దక్కలేదు.” అంతే చెప్పింది. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు త్రాగి వచ్చాను. తరువాత చాలాసేపు ఆ పిల్లకు మా మేనత్త సంగతి చెప్పాను. మా పిల్లలకు కూడా ఎన్నడూ చెప్పని సంగతి.

మర్నాడు తండ్రి వచ్చాడు. “ఏమంది మాస్టారూ?” అన్నాడు. నేను పార్శీబగాన్ సందు నుంచి మొదలుపెట్టి, అమృతసర్ డేరాల మీదుగా కిల్పాక్ దాకా మొత్తం చెప్పాను. ఛందస్సు పాఠం విన్నప్పటికంటె శ్రద్ధగా విన్నాడు. భీమవరం పేరు వచ్చినప్పుడు మాత్రం తల ఎత్తి, “మన భీమవరంలోనా!” అన్నాడు.

కొంతసేపు ఊరుకొని, కండువా అంచు సవరించుకొంటూ అడిగాడు: “ఆవిడగారికి పెళ్ళయిందా మాస్టారూ?”

“అయింది నాయనా. భర్త పోలీసు శాఖలో పెద్ద అధికారి.”

“ఓహో” అన్నాడు. ఆ ‘ఓహో’కు అర్థం ఏమిటో నేను విడమరచి అడగలేదు. లేచి చెప్పులు వేసుకొంటూ, చేరవలసిన గడువు శుక్రవారమట, రైలు టిక్కెట్లు దొరుకుతాయో లేదో చూడాలి అని వెళ్ళిపోయాడు.